అమెరికా సుంకం పేరు చెప్పి పీలింగ్ కూలి తగ్గించారు. ఇది ఎక్కడి లెక్క? (ఇది 2025 నాటి చర్చ. సుంకాలు, డాలరు రేటు అప్పటివి. కింద చెప్పిన కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి.)

ఉండి క్యూసీ:

నమస్కారమండి. మాది పశ్చిమ గోదావరి జిల్లా. భీమవరం చుట్టుపక్కల ఉన్న రొయ్యల ప్లాంటుల్లో ఒకదాంట్లో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్నాను. ప్లాంటు పేరు మాత్రం చెప్పను, దయచేసి అడగొద్దు.

2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయింది కదా. ఆ తర్వాత వారం తిరక్కుండానే రొయ్యలు ఒలిచే మా పీలింగ్ హాల్లో కాంట్రాక్టరు కిలోకి రెండు రూపాయలు కోసేశాడు. నోటీసు లేదు, కాగితం లేదు. "ట్రంప్ సుంకం వేశాడు, కంపెనీకే గిట్టడం లేదు, మీకెక్కణ్ణుంచి తెచ్చివ్వను" అని నోటిమాటగా చెప్పేశాడు. ఆడవాళ్ళు కిక్కురుమనలేదు. వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చి క్వార్టర్లలో ఉంటున్నవాళ్ళు. నోరెత్తితే ఊరికి పంపేస్తారని భయం.

రెండు రూపాయలే కదా అని కొట్టిపారేయకండి. ఆ పని దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. స్టీలు బల్ల మీద ఐసులో రొయ్య పోస్తారు. తల తీయాలి, బొటనవేలి గోరు దూర్చి డొల్ల ఒలవాలి, వీపు చీల్చి నల్లనరం లాగాలి. తోక ఉంచమని ఆర్డరుంటే చివరి కణుపు చెక్కుచెదరకూడదు. తల దగ్గరి ముల్లు గ్లవుజులోంచి వేలికి దిగుతుంది. ఆ పుండు మీదే రోజంతా క్లోరిన్ నీళ్ళు. ఒలిచింది చిల్లుల ట్రేలో వేసి, నీరు కారిపోయాక తూకం వేస్తారు. ఎంతసేపు కారనివ్వాలన్నది తూకం వేసేవాడి ఇష్టం.

ఇంకో సంగతి ఆఫీసులో ఎవరికీ పట్టలేదు. అమెరికాకు వెళ్ళేది ఎక్కువగా పెద్ద కౌంటు, అంటే పెద్ద సైజు రొయ్య. ఇప్పుడా ఆర్డర్లు తగ్గాయి కాబట్టి వేరే దేశాల కోసం చిన్న కౌంటు నడుపుతున్నారు. 30 కౌంటులో కిలోకి 30 రొయ్యలు ఒలిస్తే చాలు, 70 కౌంటులో 70 ఒలవాలి. ఇదివరకు చిన్న కౌంటుకు కిలో రేటు కాస్త ఎక్కువుండేది. ఇప్పుడు అన్నిటికీ ఒకే రేటు అన్నారు, అదీ రెండు రూపాయలు తగ్గించి. అంటే కూలి రెండు వైపుల నుంచీ పోయింది.

నా ప్రశ్నలు రెండు. కాంట్రాక్టరు చెప్పేది నిజమేనా, సుంకం నిజంగా పీలింగ్ బల్ల దాకా దిగి రావాలా? రెండోది, 2024 మార్చిలో మన రొయ్యల ప్లాంటుల్లో కూలీల స్థితి మీద అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ కథనం, చికాగోలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ నివేదిక వచ్చాయి. ఆ తర్వాత మా దగ్గరికీ అమెరికా కొనుగోలుదారు తరఫున ఆడిట్‌కు వచ్చారు. బాత్‌రూములకు తలుపులు వచ్చాయి, జీతం బ్యాంకులో పడటం మొదలైంది. ఇప్పుడీ కోత సంగతి ఆ కొనుగోలుదారుకే రాస్తే మేలా? రాస్తే ఉన్న ఆర్డరు కూడా పోయి అందరూ రోడ్డున పడతారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

విశాఖ షిప్పింగ్ కాగితాలు:

అండీ, నేను సీఫుడ్ ఎగుమతి డాక్యుమెంట్లు చూస్తాను. లెక్క వేసి చూద్దాం.

ఉదాహరణకు కిలో ఎనిమిది డాలర్ల సరుకు అనుకోండి. డాలరు 88 రూపాయల దగ్గరుంది కాబట్టి సుమారు 704 రూపాయలు. దాని మీద 50 శాతం అంటే 352 రూపాయలు. అది కాక పాతవి రెండున్నాయి. మరీ చవగ్గా అమ్ముతున్నామని 2005 నుంచి వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం చాలా కంపెనీలకు ఇప్పుడు 2.49 శాతం. మన ప్రభుత్వాలు రాయితీలిస్తున్నాయని 2024 చివర్లో తగిలించిన కౌంటర్‌వెయిలింగ్ సుంకం 5.77. అన్నీ కలిపితే 58.26 శాతం, కిలోకి దాదాపు 410 రూపాయలు.

410 రూపాయల భారానికి పీలింగ్‌లో రెండు రూపాయలు కోస్తే ఏం పూడుతుంది? అరశాతం కూడా కాదు. కంపెనీ ఆ రెండు రూపాయలతో బతికి బట్టకట్టదు. కాబట్టి కాంట్రాక్టరు మాట లెక్కకు నిలవదు.

అలాగని కంపెనీకి దెబ్బ లేదని కాదు. సుంకం కట్టేది అమెరికాలో దిగుమతిదారు అని పేపర్లలో రాస్తారు. మన రొయ్యల్లో చాలా సరుకు డీడీపీ పద్ధతిలో అమ్ముతారు, అంటే సుంకం కట్టి, వాళ్ళ గుమ్మంలో పెట్టే బాధ్యత మనదే. ఆ ఒప్పందాల్లో మొదటి దెబ్బ ఎగుమతిదారుకే తగులుతుంది. తర్వాత బేరం. ఈక్వెడార్‌కు 15 శాతం, వియత్నాంకు 20, ఇండోనేషియాకు, థాయిలాండ్‌కు 19. అవి పక్కనుండగా మన కోసం ఎవరూ ధర పెంచరు. యాంటీ డంపింగ్‌లో ఇంకో మెలిక కూడా ఉంది. ఇవాళ కట్టేది డిపాజిట్ మాత్రమే. తర్వాత వాళ్ళ వాణిజ్య శాఖ సమీక్ష చేసి అసలు రేటు తేలుస్తుంది. పోయినేడాది అమ్మిన సరుకు మీద కూడా డబ్బు ఇంకా కట్టాల్సి రావచ్చు.

మీ దగ్గర జులై, ఆగస్టుల్లో ఓవర్‌టైమ్ బాగా నడిచిందా? నడిచే ఉంటుంది. ఆగస్టు 27కు ముందు ఓడ ఎక్కి, సెప్టెంబరు 17కు ముందు అక్కడ క్లియరైన సరుకుకు ఈ 50లో రెండో సగం, అంటే అదనపు 25 శాతం, లేదు. అంతకుముందు, ఆగస్టు 7న వచ్చిన మొదటి 25కూ ఇలాంటి గడువే పెట్టారు. అందరూ పరుగులు పెట్టి పంపారు. ఆ తర్వాత ఒక్కసారిగా పని పడిపోయింది. ఆ పరుగుల్లో ఆడవాళ్ళకు దక్కిన అదనం ఎంత అని మీరు లెక్క అడగాలి.

---

ఆకివీడు చెరువుగట్టు:

అమ్మా, నీ బాధ నిజమే. కానీ సుంకం పేరు చెప్పి ముందు కోసింది మా చెరువు గట్టు మీద. ఏప్రిల్ 2న 26 శాతం అని ట్రంప్ చదివాడు. మర్నాటికి మా దగ్గర కొనేవాళ్ళు రేటు దించేశారు. అప్పటికి ఎవడూ ఒక్క డాలరు కట్టలేదు. ఆ 26 శాతాన్ని 9వ తారీఖునే ఆపేశారు కూడా. మన ముఖ్యమంత్రి చంద్రబాబు గారు కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ గారికి లేఖ రాశారు, కమిటీ వేశారు, రేటు కొంత సర్దారు. ఈలోపు చెరువు ఎండగట్టిన వాళ్ళు ఎండగట్టేశారు. చెరువులో రొయ్య మన కోసం ఆగదు. మేత వేస్తూనే ఉండాలి, ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. ఆగితే తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోతుంది. వైట్ స్పాట్ రోగం కనబడిందంటే ఏ కౌంటయినా ఆ రాత్రే పట్టుబడి, వాళ్ళు చెప్పిందే రేటు.

ఆడిట్లు, ప్రమాణాలు అని అమెరికా వాళ్ళకు ఉత్తరాలు రాయొద్దని నా మాట. వాళ్ళ గల్ఫ్ (మెక్సికో అఖాతం) తీరం రొయ్యలవాళ్ళు 2003 నుంచి మన మీద కేసులు వేస్తూనే ఉన్నారు. మన సరుకు మీద వసూలైన యాంటీ డంపింగ్ సొమ్మును కొన్నాళ్ళు ఆ కేసు వేసినవాళ్ళకే పంచిపెట్టారు, బర్డ్ సవరణ అనే చట్టం కింద. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) తప్పంటే 2006లో ఎత్తేశారు. కార్మికుల మీద ప్రేమని అనుకుంటామా? నువ్వు రాసే ప్రతి ముక్కా వాళ్ళ లాయరు చేతికి వెళ్తుంది. చివరికి సరుకు ఆగితే నీ ప్లాంటూ నా చెరువూ రెండూ పోతాయి.

---

ఉండి క్యూసీ:

విశాఖ గారూ, చాలా థ్యాంక్సండి. జులైలో రాత్రి రెండింటి దాకా హాలు నడిచింది. ఓవర్‌టైమ్‌కు డబుల్ రేటు ఎవరికీ రాలేదు. కిలో రేటు మీద పనిచేసేవాళ్ళకు ఓవర్‌టైమ్ ఉండదని చెప్పారు.

ఆకివీడు అన్నయ్యా, మా నాన్నకూ ఎకరంన్నర చెరువు ఉండేది, కౌలుకిచ్చేశాం. మీరు చెప్పిన భయం నాకు తెలుసు. గల్ఫ్ వాళ్ళకు స్వార్థం ఉందనీ ఒప్పుకుంటాను. ఒక్కటి ఆలోచించండి. ఈ 50 శాతంలో సగం రష్యా చమురు కొంటున్నామని వేసింది. మనం ప్లాంటు అద్దంలా పెట్టినా, ఆడవాళ్ళకు రెట్టింపు కూలి ఇచ్చినా అది పోదు. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చి ఐసులో చేతులు పెట్టే మనిషి ఏం చేస్తే ఆ సుంకం తగ్గుతుంది? ఏమీ చేయలేదు. కానీ బాత్‌రూముకు తలుపు పెట్టకపోతే కొనం అన్నప్పుడు తలుపు వచ్చింది. నేను కళ్ళారా చూశాను. ఆ షరతుకు తీరే దారి ఉంది. రెండింటినీ ఒకే గాటన కట్టేసి, అమెరికా వాడు చెప్పాడు కాబట్టి వద్దు అంటే నష్టపోయేది ఈ ఆడవాళ్ళే.

అయితే ఆడిట్ మీద నాకూ పెద్ద నమ్మకం లేదు. వచ్చే ముందు రోజు కొత్త గ్లవుజులు పంచారు. ఎవరేం చెప్పాలో సూపర్‌వైజరు నేర్పాడు. ఒడియా వచ్చినవాళ్ళు ఆడిట్ టీములో ఒక్కరూ లేరు. తూకం దగ్గరికి ఎవరూ రాలేదు. తలుపు ఫొటోలో పడుతుంది. ట్రేలో నీరు ఎంతసేపు కారనిచ్చారన్నది ఫొటోలో పడదు. పైగా ఆ మార్పులన్నిటికీ అయిన ఖర్చుకు కొనుగోలుదారు కిలోకి ఒక్క సెంటు కూడా కలపలేదని మా మేనేజరే వాపోయాడు. ప్రమాణం వాళ్ళది, బిల్లు మనది.

---

మహాచాయ్ మాజీ:

నేను కొన్నేళ్ళు థాయిలాండ్‌లో సీఫుడ్ కొనుగోలు ఆఫీసులో పనిచేశాను. అక్కడి సముత్ సాఖోన్‌ను స్థానికులు మహాచాయ్ అంటారు. మన భీమవరంలాగే ఊరంతా రొయ్య వాసనే. మీ రెండో ప్రశ్నకు అక్కడ జరిగింది పనికొస్తుంది.

అమెరికాకు ఒకప్పుడు అందరికంటే ఎక్కువ రొయ్య పంపింది థాయిలాండ్. 2012, 13ల్లో రొయ్య పిల్లలు చచ్చిపోయే ఈఎంఎస్ రోగం వచ్చి చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. మన చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్య అప్పుడే అందుకుంది, మనకు అనుమతి వచ్చింది 2009లోనే కదా. ఆ దెబ్బ మీద 2014, 15ల్లో బానిస కూలీల కథనాలు వచ్చాయి. 2015 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ హెచ్చరికగా పసుపు కార్డు చూపించింది. అది చేపల వేటలో అక్రమాల గురించి, కానీ వెలుగు కార్మికుల మీదా పడింది. డిసెంబరులో అసోసియేటెడ్ ప్రెస్ పీలింగ్ షెడ్ల సంగతి బయటపెట్టింది. బర్మా నుంచి వచ్చిన వలస కుటుంబాలు, పిల్లలతో సహా, తాళం వేసిన షెడ్డులో తెల్లవారుజాము నుంచి రొయ్యలు ఒలిచేవాళ్ళు.

అక్కడ అసలు మార్పు ఆడిట్‌తో రాలేదు. పెద్ద కంపెనీలు బయటి షెడ్లకు పీలింగ్ ఇవ్వడం మానేసి, ఆ పనిని తమ ఫ్యాక్టరీల్లోకే తెచ్చుకున్నాయి. షెడ్లు చాలా మూతపడ్డాయి. ఫ్యాక్టరీలో పని దొరికినవాళ్ళకు చట్ట ప్రకారం కనీస వేతనం, ఒక యజమాని, ఒక గుర్తింపు కార్డు వచ్చాయి. కాగితాలు లేనివాళ్ళకు, వయసైపోయినవాళ్ళకు పని పోయింది. వాళ్ళేమయ్యారో ఎవరూ రాయలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. థాయి ప్రభుత్వం 2018లో అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) నిర్బంధ కార్మిక ప్రోటోకాల్, 2019లో చేపల వేట కార్మికుల ఒప్పందం ఆమోదించింది. 2019 జనవరిలో పసుపు కార్డు తీసేశారు. నాలుగేళ్ళు పట్టింది కానీ, బయటపడే దారి మొదటి రోజు నుంచీ అందరికీ తెలుసు.

ఆకివీడు గారూ, మీ అనుమానం కొత్తది కాదు. 1996లో సింగపూర్ డబ్ల్యూటీఓ సమావేశంలో కార్మిక ప్రమాణాలను వాణిజ్య ఒప్పందాల్లో కలపొద్దని భారత్ గట్టిగా నిలబడింది. ఆ సంగతి ఐఎల్ఓ చూసుకుంటుందని తీర్మానించారు. సరే, ఐఎల్ఓ దగ్గర మనమేం చేశాం? బాల కార్మికుల మీద రెండు ఒప్పందాలను 2017లో ఆమోదించాం. సంఘం పెట్టుకునే హక్కు, ఉమ్మడిగా బేరమాడే హక్కు, ఆ 87, 98 నంబర్ల ఒప్పందాలు ఈరోజుకీ ఆమోదించలేదు. బయటివాడు చెప్పొద్దు అనడం న్యాయమే. మరి ఇంట్లోవాళ్ళనన్నా మాట్లాడనివ్వాలి కదా.

తాబేళ్ళ సంగతి చూడండి. వలలకు తాబేలు తప్పించుకునే పరికరం పెట్టలేదని అమెరికా సముద్రపు రొయ్య ఆపింది. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ డబ్ల్యూటీఓలో కేసు వేశాయి. 1998లో అప్పీళ్ళ సంఘం, ఉద్దేశం మంచిదే గానీ అమలులో దేశానికో తీరు చూపించారు అంది. అంటే షరతు పెట్టొచ్చు, అందరికీ ఒకేలా పెట్టాలి, తీర్చుకునే వీలివ్వాలి. మన సముద్రపు రొయ్యను 2019 నుంచి మళ్ళీ ఆపారు. అది మన చేతిలో ఉన్న పని, వల మార్చుకుంటే తెరుచుకుంటుంది. చమురు సుంకం అలా కాదు. ఉండి గారు అన్నది సరిగ్గా ఇదే.

కొనుగోలుదారుకు రాయాలా అంటే, ఫిర్యాదుగా పంపొద్దు, ముందు ఇక్కడ అడగండి. జవాబు రాకపోతే వాళ్ళ సప్లయర్ నియమావళిలో ఏ వాక్యానికి విరుద్ధమో చూపించి రాయండి. "ఆర్డరు ఆపొద్దు, సరిచేయించండి" అని మొదటి వాక్యంలోనే రాయండి.

---

రిటైర్డ్ లేబర్:

అమ్మా, అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు. మన చట్టంలోనే చాలా ఉంది. నేను కార్మిక శాఖలో పనిచేసి రిటైరయ్యాను.

కిలో రేటు మీద పనిచేసినా, రోజు ముగిసేసరికి ఆమెకు వచ్చేది రోజు లెక్కన నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకూడదు. కనీస వేతనాల చట్టం, 1948, సెక్షన్ 17. మీ పరిశ్రమకు వర్తించే రేటు, వీడీఏతో (ధరలను బట్టి మారే కరువు భత్యంతో) కలిపి, జిల్లా లేబర్ ఆఫీసులో అడిగి రాయించుకోండి. చిన్న కౌంటు నడిచిన రోజుల్లో ఆ గీత కిందికి ఎంతమంది దిగారో చూడండి. అక్కడే దొరుకుతారు. కిలో రేటు వాళ్ళకు ఓవర్‌టైమ్ ఉండదన్నది అబద్ధం. ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 59 వాళ్ళకూ వర్తిస్తుంది.

కూలి రేటు మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసివ్వాలి. పారిశ్రామిక వివాదాల చట్టం, సెక్షన్ 9ఏ. నోటిమాట చెల్లదు. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలి. కాంట్రాక్టు కార్మికుల చట్టం సెక్షన్ 21. "అది కాంట్రాక్టరు చూసుకుంటాడు" అని కంపెనీ చేతులు దులుపుకోవడానికి లేదు. పైగా 2003లో ఉమ్మడి రాష్ట్రం ఆ చట్టానికి సవరణ చేసింది. సంస్థ ముఖ్యమైన పనిలో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదు. మినహాయింపులున్నాయి, వాదన జరుగుతుంది. కానీ రొయ్యల ప్లాంటులో రొయ్య ఒలవడం ముఖ్యమైన పని కాకపోతే ఇంకేది ముఖ్యమైన పని?

ఒక్కరు సంతకం పెడితే ఆ ఒక్కర్నే పంపేస్తారు. పది మందికి తక్కువ కాకుండా పెట్టండి. మీ పేరు పెట్టొద్దు, మీరు స్టాఫ్.

---

ఆకివీడు చెరువుగట్టు:

నోటీసు సంగతి నాకు తెలీదు సార్. చెరువు రేటుకు అలాంటి చట్టమేదీ లేదు, అదే మా ఖర్మ. అమ్మా, ఇక్కడే అడుగుతానంటే నేను అడ్డు చెప్పను. యూరప్ వాళ్ళు సెప్టెంబరులో మనవి ఇంకో 102 ప్లాంట్లకు అనుమతిచ్చారు. వాళ్ళు యాంటీబయాటిక్ కోసం మన చెరువు రొయ్య కన్‌సైన్‌మెంట్లలో సగం తనిఖీ చేస్తారు. రేపు కూలి గురించీ అడుగుతారు. అప్పుడు తడుముకునే కంటే ఇప్పుడే సర్దుకుంటే నయమేమో.

---

ఉండి క్యూసీ:

అందరికీ నమస్కారాలు. నిన్న సాయంత్రం క్వార్టర్ల దగ్గర కూర్చున్నాం. తూకం చీటీలు చాలామంది దాచుకున్నారు, నేననుకోలేదు. ఒకావిడ పసుపు డబ్బాలో పెట్టుకుంది. ఆగస్టువీ సెప్టెంబరువీ పక్కపక్కన పెట్టి, ఏ రోజు ఏ కౌంటు నడిచిందో మా క్యూసీ రిజిస్టరులో చూసి రాశాను. చిన్న కౌంటు రోజుల్లో నెమ్మదిగా ఒలిచేవాళ్ళకు, ముఖ్యంగా పెద్ద వయసు వాళ్ళకు, కూలి బాగా పడిపోయింది. లేబర్ ఆఫీసు నుంచి రేటు తెచ్చాక ఏ రోజు ఎవరికి ఎంత తగ్గిందో తేలుతుంది.

ప్లాంటు మేనేజరుకు ఇచ్చే కాగితంలో మూడే అడుగుతున్నాం. కౌంటు వారీగా రేటు మళ్ళీ పెట్టాలి. ట్రేలో నీరు ఎన్ని నిమిషాలు కారనివ్వాలో గడియారం పెట్టి రాయాలి. ఆ రెండు రూపాయలు నోటీసు లేకుండా కోశారు కాబట్టి ఆ రోజు నుంచీ తిరిగివ్వాలి. సుంకం గురించి అందులో ఒక్క ముక్క రాయలేదు. విశాఖ గారి 410 రూపాయల లెక్క మాత్రం, వాళ్ళు ఆ మాట ఎత్తితే చూపించడానికి, విడిగా పెట్టుకున్నాం. సంతకాలు పద్నాలుగు వచ్చాయి, నాది లేదు. కొనుగోలుదారుకు ఇప్పుడే రాయం. పై వారం దాకా జవాబు రాకపోతే మహాచాయ్ గారు చెప్పిన మొదటి వాక్యంతో రాస్తాం.

ఒక సాయం కావాలి. సంతకం పెట్టినవాళ్ళలో ఆరుగురికి తెలుగు చదవడం రాదు. ఆ కాగితాన్ని ఒడియాలో రాసిపెట్టగలవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. గంజాం వైపు మాట తెలిసినవాళ్ళయితే మరీ మంచిది. శనివారం లోపు కావాలి.